మల్లీశ్వరి (1951) చూసినవాళ్ళకు ఒక ప్రశ్న: మల్లికి అసలు ద్రోహం చేసిందెవరు?

కమలిని:

సూటిగా అడిగేస్తాను. మల్లీశ్వరి గురించి ఎక్కడ మాట్లాడుకున్నా పాటల దగ్గర మొదలై పాటల దగ్గరే ఆగిపోతాం. భానుమతి గొంతు, ఘంటసాల గొంతు, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, కృష్ణశాస్త్రి గారి మాటలు. నాకూ ఆ పాటలంటే ప్రాణమే. కానీ ఈసారి యూట్యూబ్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చూశాక నన్ను వదలనిది పాట కాదు, నాగమ్మ. మల్లి వాళ్ళమ్మ. ఋష్యేంద్రమణి వేసిన పాత్ర. ఆమెను మనం ఎందుకంత తేలిగ్గా వదిలేస్తున్నాం?

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. కృష్ణదేవరాయల కాలం, వీరాపురం అనే ఊరు. నాగరాజు (ఎన్టీఆర్), మల్లి (భానుమతి) బావామరదళ్ళు, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవాళ్ళు. నాగరాజు శిల్పి, చేతిలో విద్య ఉంది, డబ్బు లేదు. నాగమ్మకు ఆ లేమి ఒక్కటే కనిపిస్తుంది. ఒక రోజు బండి మీద వస్తూ వానకు ఇద్దరూ దారిలో ఒక మండపంలో ఆగుతారు, అక్కడ మల్లి 'పిలచిన బిగువటరా' అని పాడుతూ ఆడుతుంటే మారువేషాల్లో తిరుగుతున్న రాయలవారూ అల్లసాని పెద్దనా చూస్తారు. వాళ్ళెవరో తెలియక నాగరాజు సరదాకి, మా మల్లికి రాయలవారిచేత పల్లకీ పంపించండి అంటాడు. తర్వాత డబ్బు సంపాదించుకొస్తేగానీ పెళ్ళి జరగదని ఊరు వదిలిపోతాడు. అతను లేనప్పుడు నిజంగానే పల్లకి వస్తుంది, దాంతోపాటు బంగారం వస్తుంది. నాగమ్మ పొంగిపోతుంది. మల్లి విజయనగరం వెళ్ళిపోతుంది. రాణివాసంలో చేరిన పిల్లకు బయటి మగవాడితో మాట కలిపినా తల పోయే నేరం. నాగరాజు డబ్బుతో తిరిగొచ్చేసరికి ఊళ్ళో మల్లి లేదు. చివరికి ఆమె కోసం అంతఃపురంలోకి దొంగచాటుగా వెళ్ళి పట్టుబడతాడు.

నాకు బాధ కలిగించింది ఏమిటంటే, సినిమాలో శిక్ష పడేది ప్రేమించిన వాళ్ళిద్దరికీ. విచారణ వాళ్ళమీద, చావు భయం వాళ్ళకి, చివరికి క్షమాభిక్ష కూడా వాళ్ళకే. కూతురి మనసు ఎక్కడుందో తెలిసీ ఆమెను తిరిగి రాలేని చోటికి పంపిన తల్లి మీద మాత్రం ఏ తీర్పూ లేదు. రాజును కూడా సినిమా మంచివాడుగానే చూపిస్తుంది, సరే, అతను తెలియక చేశాడు. నాగమ్మ తెలిసే చేసింది కదా?

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "రాజుగారు పల్లకి పంపితే వద్దనేంత ధైర్యం ఎవరికుంటుందే, ఆ తల్లి ఏం చేస్తుంది" అని నాతో గట్టిగానే వాదించింది. మీరేమంటారు? పాటల గురించి వద్దని కాదు, కానీ దయచేసి ఈ విషయం మీద చెప్పండి.

పాతబాణీ సత్యం:

కమలిని గారూ, మీ అమ్మగారి పక్షమే నాదీ.

1500ల నాటి పల్లెటూరి ఇంటి ముందు రాజముద్రతో పల్లకి దిగితే అది ఆహ్వానం అనిపించుకోదండీ, ఆజ్ఞ. వద్దంటే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకునే సాహసం కూడా ఎవరూ చేయరు. నాగమ్మ ఏడ్చి పంపినా మల్లి వెళ్ళేదే, నవ్వి పంపినా వెళ్ళేదే. ఫలితం ఒకటే అయినప్పుడు ఆమె ఒక్కదాన్నే పట్టుకుని ద్రోహి అనడం నాకు న్యాయంగా తోచలేదు.

పైగా పల్లకి అడిగిందెవరు? నాగరాజు. నేనతన్ని తప్పుపట్టడం లేదు. అతను సరదాగానే అన్నాడు. మరదలి ఆట చూసి పొంగిపోయి, దారినపోయే పెద్దమనుషుల ముందు ఆమె గొప్ప చెప్పుకోవాలని అన్నాడు. కానీ ఈ కథలో బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. అదే మాట ఊళ్ళో మరొకరితో అంటే నవ్వి ఊరుకునేవారు. వినే మనిషి చేతిలో రాజ్యం ఉండబట్టి సరదా మాట ఉత్తర్వు అయిపోయింది. రాజు దాన్ని వరం అనుకుని నెరవేర్చాడు కూడా. ఆ పిల్లకు అది కావాలా వద్దా అని ఒక్కసారి అడిగించి ఉంటే సరిపోయేది.

ఇంకోటి గుర్తు చేస్తాను. కథకు మూలాలుగా చెప్పేవి రెండు: బుచ్చిబాబు గారి 'రాయలవారి కరుణాకృత్యం' నాటిక, దేవన్ షరార్ ఇంగ్లీషు కథ. అంటే రాజు, రాజు దయ అన్న చూపు మూలంలోనే ఉంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు దానికి పల్లెటూరు, బండి, వాన, మేనరికం, ఇంట్లో గొడవ ఇవన్నీ చేర్చి మనకు దగ్గర చేశారు. నాగమ్మ ఆ పల్లెటూరి ఇంటికి చెందిన మనిషి. ఆమెలో ఆశ ఉంది, కాదనను. డబ్బులేని ఇంట్లో కూతురు కష్టపడుతుందేమో అని భయపడే తల్లులు ఆ కాలంలోనే కాదు, మా వీధిలోనూ ఉన్నారు. భయానికీ ద్రోహానికీ తేడా ఉందండీ.

ఝాన్సీ బెజవాడ:

సత్యం గారూ, మీరు పాత పాటల గురించి ఏం రాసినా వెతుక్కుని చదువుతాను, కానీ దీనికి మాత్రం ఒప్పుకోను.

మీరు పల్లకి వచ్చిన రోజు నుంచి లెక్క మొదలుపెడుతున్నారు. ద్రోహం అంతకుముందే జరిగిపోయింది. నాగరాజు ఊరు ఎందుకు వదిలాడు? పల్లకి వల్ల కాదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ నీకేముంది, నీ దగ్గరేముంది అన్న చూపు చూసింది నాగమ్మే. తన మనిషినే, కళ్ళముందు పెరిగిన పిల్లవాడినే, పరాయివాడికన్నా తక్కువ చేసి మాట్లాడింది. ఆ మాటలు పడలేకే కదా అతను డబ్బు కోసం వెళ్ళింది! అతను ఊళ్ళో ఉండి ఉంటే, అప్పటికే పెళ్ళి అయిపోయి ఉంటే, పల్లకి వచ్చినా మల్లి పెళ్ళైన పిల్ల. రాజు ఆజ్ఞకు ఆ ఇల్లు ఖాళీగా దొరికేలా చేసిందెవరు మరి?

ఇంకా, ఏడ్చి పంపినా నవ్వి పంపినా ఒకటే అన్నారు. ఒకటే కాదండీ. పంపించక తప్పకపోయినా కూతురి పక్కన కూర్చుని ఏడ్చే తల్లి ఉంటే ఆ పిల్లకు ఈ లోకంలో ఒక మనిషి మిగిలినట్టు. నాగమ్మ నగల వైపు చూసింది. మల్లి ఆ క్షణంలో ఎవరూ లేనిది అయిపోయింది. ఋష్యేంద్రమణి ఆ పాత్రను రాక్షసిగా చేయలేదు, అదే ఆమె గొప్పతనం. గయ్యాళి అత్తగా అరిచి చేసుంటే మనం చూసి మర్చిపోయేవాళ్ళం. మనింట్లో పిన్నిలాగా, పక్కింటి ఆంటీలాగా మామూలుగా ఉంటుంది, కూతురికి మంచే చేస్తున్నానని పూర్తిగా నమ్ముతుంది, అందుకే ఆమెను చూస్తుంటే నాకు కోపంతో పాటు భయం కూడా వేస్తుంది.

మా బంధువుల్లో ఒక అక్క ఉంది. వివరాలు రాయను. చదువుకునే రోజుల నుంచి ఒకతన్ని ఇష్టపడింది, మంచివాడు, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, జీతం తక్కువ. ఇంట్లో వాళ్ళు కాదనలేదు. "ముందు స్థిరపడనీ, అప్పుడు చూద్దాం" అన్నారు. అతను నిజమే అనుకుని ఇంకో పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్ళాడు. ఈలోగా అమెరికా సంబంధం వచ్చింది. నెల తిరగకుండా పెళ్ళి. ఎవరూ కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. అక్క అక్కడ బాగానే ఉంది అని చెప్తారు, ఫోటోల్లో బాగానే ఉంటుంది. ఆ తర్వాత మల్లీశ్వరి చూసినప్పుడు నాకు నాగమ్మ తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

కాబట్టి కమలిని, మీ ప్రశ్నకు నా జవాబు: అవును, ద్రోహమే. ఆజ్ఞ రాజుది, ఆనందం తల్లిది. నేను అడిగేది ఆ ఆనందం గురించే.

హంపీ బాటసారి:

చరిత్ర వైపు నుంచి కొన్ని సంగతులు చెప్తాను, వాదనకు పనికొస్తాయేమో చూడండి. మాది బళ్ళారి దగ్గర, హంపీ మాకు ఆదివారం వెళ్ళొచ్చేంత దూరం.

కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. ఆ కాలంలోనే, 1520 ప్రాంతంలో, డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చి చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. అంతఃపురంలో వేలమంది ఆడవాళ్ళు ఉండేవారనీ, రాణులకూ వాళ్ళ పరివారానికీ బయటి మగవాళ్ళ కంట పడే వీలు లేదనీ అందులో ఉంది. తర్వాత వచ్చిన నూనిజ్ ఆ ఆడవాళ్ళు చేసే పనులు కూడా చెప్పాడు, లెక్కలు రాసేవాళ్ళు, పాడేవాళ్ళు, వాయిద్యాలు వాయించేవాళ్ళు, కుస్తీ పట్టేవాళ్ళు కూడా ఉండేవారట. అంటే సినిమాలో ఉన్న కట్టుబాటు గాల్లోంచి పుట్టింది కాదు. తలకాయ తీసే శిక్ష సంగతి కథ కోసం కల్పించుకున్నా, లోపలికి వెళ్ళిన పిల్ల తన ఇష్టానికి బయటికి రాలేదన్నది నమ్మదగ్గ మాటే.

పాయెస్ రాసినదాంట్లో నాకు ఎప్పుడూ గుర్తుండేది మహర్నవమి వేడుక. రాణుల పరివారంలోని స్త్రీలు ఒంటినిండా బంగారం, రత్నాలు, ముత్యాలు పెట్టుకుని వరుసగా వస్తారు. ఆ నగల బరువుకు నడవలేక పక్కన మనుషులు చేతులు పట్టుకుని ఆసరా ఇవ్వాల్సి వచ్చేదట. ఇది చదివాక నాగమ్మ నాకు కొంచెం అర్థమైంది. ఆ వైభవం గురించి కబుర్లు ఊరూరా పాకి ఉంటాయి కదా. పల్లెలో పాడీ పంటా చూసుకునే ఆడమనిషికి విజయనగరం అంటే ఆ బంగారమే. తన కూతురు ఆ వరుసలో నడుస్తుంది అనుకుంది. గోడ అవతల ఏముందో ఆమె చూడలేదు.

ఇప్పుడు హంపీ వెళ్తే జెనానా ఆవరణ అని చూపించే చోట ఎత్తైన రాతి గోడలు, మూలల్లో కావలి బురుజులు ఉంటాయి. ఆ పేరు తర్వాతి కాలంలో పెట్టిందే, నిజంగా రాణివాసం అదేనా అన్నదానికి పరిశోధకులు గట్టి ఆధారం చూపలేదు. అయినా ఆ గోడ పక్కన నిలబడితే నాగరాజు లోపలికి వెళ్ళడానికి ఎంతకు తెగించాడో తెలుస్తుంది.

సత్యం గారు చెప్పిన రాజు సంగతికి ఒకటి కలుపుతాను. రాయలు స్వయంగా ఆముక్తమాల్యద రాసినవాడు. రంగనాథుణ్ణి తప్ప ఇంకెవర్నీ చేసుకోనన్న గోదాదేవి విరహాన్ని అన్ని పద్యాల్లో రాసిన కవి. పక్కనున్న పెద్దన వరూధిని మనసు రాసినవాడు. ఆడపిల్ల మనసు గురించి అంత తెలిసిన ఇద్దరు ఒకే మండపంలో మల్లిని చూసి, పక్కన బావ నిలబడి ఉండగా, వీళ్ళిద్దరూ ఒకరికొకరు అని పోల్చుకోలేకపోయారంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. సినిమాలో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

కమలిని:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. బాటసారి గారూ, నగల బరువు సంగతి అమ్మకు చదివి వినిపించాను, "చూశావా, ఆ తల్లి ఏం చేస్తుంది పాపం" అని మళ్ళీ తన వైపే లాక్కుంది.

ఝాన్సీ గారూ, మీరు రాసింది నాకు బాగా తగిలింది. పల్లకికి ముందే జరిగిపోయింది అన్న కోణం నేను పట్టించుకోలేదు. నేను పల్లకి రోజునే చూస్తున్నాను, ఎందుకంటే సినిమా కూడా మన కళ్ళు అటే తిప్పుతుంది. రెండేళ్ళ తర్వాత వచ్చిన దేవదాసులో చూడండి, అక్కడ తండ్రి జమీందారు, పేదింటి పార్వతి వద్దు అని మొహం మీదే చెప్పేస్తాడు, ఎవరివల్ల ప్రేమ చెడిందో చూసేవాడికి ఏ అనుమానమూ ఉండదు. నాగమ్మ విషయంలో అలా ఉండదు. పల్లకి, రాజు, అంతఃపురం, నాట్యం ఇవన్నీ వచ్చేసి ఆమె వెనక్కి వెళ్ళిపోతుంది.

ఒకటి అడగాలి. మల్లి తండ్రి గురించి ఎవరూ ఏమీ అనలేదే?

మేఘమాల:

నేను పాటల మనిషిని, కమలిని గారు కోప్పడకపోతే పాటల్లోంచే మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి చూస్తాను.

కృష్ణశాస్త్రి గారికి ఇదే మొదటి సినిమా. పాటలే కాదు, మాటలు కూడా ఆయనవే. ఈ సినిమాలో పాటల వరుస చూడండి. చిన్నప్పుడు 'కోతీబావకు పెళ్ళంట' అని ఏడిపించే పాట, ఉయ్యాల పాట, తర్వాత బండి మీద వస్తూ 'పరుగులు తీయాలి'. ఇవన్నీ ఇద్దరూ కలిసి ఉన్నప్పటివి, ఆరుబయట, గాలీ వానా మధ్య. నాగరాజు సంపాదనకు వెళ్ళాక 'ఆకాశవీధిలో' వస్తుంది. అక్కడ మల్లి తన బావ జాడ అడిగేది ఎవర్ని? మబ్బుని. అటువైపు నాగరాజు కూడా అదే మబ్బుని ఆపి, మా ఊరి గుడి మీదుగా వస్తున్నావా, మల్లి ఏమైనా చెప్పిందా అని అడుగుతాడు. మేఘసందేశం మన కవులకు కొత్త కాదు, కానీ ఇక్కడ నాకు కనిపించేది ఇంకోటి. ఇంట్లో అమ్మ ఉంది, నాన్న ఉన్నారు, అయినా మనసులో మాట చెప్పుకోవడానికి ఆ పిల్లకు మబ్బు తప్ప దిక్కు లేదు. బావ ఎక్కడున్నాడో కబురు తెప్పించమని తల్లిని అడిగే చనువు ఉంటే ఆ పాట అవసరమే రాదు. ఝాన్సీ గారు చెప్పిన ఒంటరితనం పల్లకి రాకముందే ఆ పాటలో ఉంది.

తర్వాత ఉషాపరిణయం యక్షగానం. చాలామంది దాన్ని దాటేసి ముందుకు వెళ్ళిపోతారు, పాతకాలపు నాట్యం కదా అని. దయచేసి దాటేయకండి. ఉషాదేవి ప్రేమించిన అనిరుద్ధుణ్ణి చిత్రరేఖ రహస్యంగా ఆమె మేడలోకి తీసుకొస్తుంది, ఉష తండ్రి బాణాసురుడికి తెలిసి అతన్ని బంధిస్తాడు. అంతఃపురంలోకి దొంగచాటుగా వచ్చిన ప్రియుడు, పట్టుబడటం, శిక్ష, ఇవన్నీ ఆ తర్వాత మల్లికీ నాగరాజుకీ జరగబోయేవే. అక్కడ అడ్డుపడేది ఎవరు? కన్నతండ్రి. రాజు ఇంటి కథలో అయినా, పల్లె ఇంటి కథలో అయినా ప్రేమకు మొదట అడ్డం వచ్చింది సొంతవాళ్ళే అని ఆ యక్షగానం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అది కావాలనే ఎంచుకున్నారని నా అభిప్రాయం, ఎందుకంటే పురాణాల్లో ప్రేమకథలకు కొదవ లేదు, వేరేది పెట్టుకుని ఉండొచ్చు.

'మనసున మల్లెల' గురించి ఒక్క మాట, రాయకుండా ఉండలేను. ఇన్నాళ్ళకు ఇద్దరూ కలుసుకున్నప్పటి పాట అది, ప్రాణం మీదికి తెచ్చుకుని కలుసుకున్నారు. భానుమతి ఆ పాటను ఎంత మెల్లగా పాడుతుందో వినండి. గట్టిగా పాడితే ఎవరికైనా వినిపిస్తుందేమో అన్న జాగ్రత్త ఆ గొంతులో ఉంది, సంతోషంలో కూడా ఉంది. మన పెళ్ళి వీడియోల్లో వేసేస్తాం గానీ అది అసలు భయం మధ్య పాడిన పాట.

వీధరుగు:

కమలిని గారు తండ్రి సంగతి అడిగారు కదా, దానికోసమే రాస్తున్నాను. దొరస్వామి వేసిన పాత్ర అది. మంచివాడు, మెత్తని మనిషి, భార్య ముందు మాట చెల్లదు. తెలుగు సినిమాల్లో ఇలాంటి తండ్రులు బోలెడుమంది, మనం వాళ్ళని చూసి జాలిపడతాం, నవ్వుకుంటాం. నాకు మాత్రం నవ్వు రాదు. నాగమ్మకు కనీసం తను అనుకున్నది కావాలన్న పట్టుదల ఉంది. పిల్ల మనసు తెలిసిన పెద్దమనిషి మౌనంగా ఉంటే ఆ మౌనం ఎవరి పక్కన నిలబడినట్టు? ఇంటి పరువు, ఇంటి శాంతి అంటూ నోరు మూసుకునే మగవాళ్ళ గురించి మాట్లాడకుండా అన్నిటికీ అమ్మనే తిట్టడం మనకు అలవాటైపోయింది. ఈ థ్రెడ్‌లో కూడా మొదటినుంచీ అదే జరిగింది.

పాతబాణీ సత్యం:

వీధరుగు గారు చెప్పింది నిజం, తండ్రి సంగతి ఎత్తినందుకు మంచిదైంది. నేనింకా నాగమ్మను ద్రోహి అనలేను గానీ, ఝాన్సీ గారి మాట మీద ఆలోచిస్తే నాగరాజు తిరిగొచ్చిన ఘట్టం గుర్తొచ్చింది. దాని గురించి రాస్తాను.

అతను వట్టి చేతులతో రాలేదు. అదీ ఆ ఘట్టంలో ఉన్న నొప్పి. నాగమ్మ ఏ లోటు చూపించి వద్దందో ఆ లోటు పూడ్చుకుని వచ్చాడు, చెమటోడ్చి, ఉలితో రాళ్ళు కొట్టి సంపాదించుకుని వచ్చాడు. అడిగింది తెచ్చాక అడిగిన మనిషి మాట మీద నిలబడాలి కదా. ఆ డబ్బు ఇక ఎందుకూ పనికిరాదు. ఆ తర్వాత అతను చేసే పని ఏమిటి, పిచ్చివాడిలా తిరుగుతూ రాతిలో మల్లి రూపం చెక్కుకోవడం. ఆ చెక్కడం రాజు మనుషుల కంటపడి అతన్ని కూడా విజయనగరం తీసుకుపోతారు. మల్లిని ఆటా పాటా చూసి తీసుకెళ్ళారు, నాగరాజును శిల్పం చూసి. ఇద్దర్నీ వాళ్ళ విద్యే అక్కడికి చేర్చింది. ఊళ్ళో, సొంత ఇంట్లో, ఆ విద్యకు విలువ కట్టినవాళ్ళు లేరు. బి.ఎన్. రెడ్డి గారు కడప జిల్లా పులివెందుల వైపు మనిషి, రాయలవారి మీద ఆ సీమ వాళ్ళకుండే అభిమానం ఈ సినిమాలో బాగా కనిపిస్తుంది, రాయల్ని చివరికి దయగలవాడిగానే నిలబెట్టారు. కళను గుర్తుపట్టిన గౌరవం రాజుకే ఇచ్చారు. ఇంటివాళ్ళకు ఇవ్వలేదు. అంటే ఆయన నాగమ్మను మనం అనుకున్నంతగా వదిలేయలేదేమో కమలిని గారూ, పేరు పెట్టి తిట్టలేదు గానీ లెక్కలో ఉంచారు.

దర్శకుడు ఆ తూకం ఎంత జాగ్రత్తగా వేశారో తెలియాలంటే అదే ఏడాది మార్చిలో వచ్చిన పాతాళభైరవి పక్కన పెట్టి చూడండి. అక్కడా ఎన్టీఆరే, అక్కడా పేదింటి కుర్రవాడే, పిల్లనివ్వాలంటే ఐశ్వర్యం తెమ్మంటారు. అక్కడ అడిగేది రాజు, తెచ్చాక పిల్లనిస్తానంటాడు, మధ్యలో మాంత్రికుడొచ్చి చెడగొడతాడు. మల్లీశ్వరిలో మాంత్రికుడు లేడు. చెడగొట్టడానికి మామూలు మనుషులే సరిపోయారు. 1951లో ఆ రెండు సినిమాలూ చూసిన జనం ఏమనుకున్నారో అని నాకు చాలా ఆసక్తి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు అడిగి రాయండి.

దేవదాసు మీద ఇలాంటిదే ఇంకో థ్రెడ్ పెట్టండి కమలిని గారూ. ఎస్వీ రంగారావు వేసిన ఆ తండ్రి గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఇక్కడ రాస్తే మల్లి కథ పక్కకు పోతుంది.